ఒక్క మాటలో ఇమడని జవాబులు

"జగత్తులో అన్నిటికన్న ఎత్తైన శిఖరము ఏది?" అని అడిగితే, ప్రశ్న ముగియకముందే నేటి బాలబాలికలు "ఎవరెస్టు" అని జవాబిస్తారు. "మిరపకాయ పుట్టిల్లు ఏది?" అంటే "అమెరికా ఖండము" అంటారు. "రాతితో కట్టిన ఆనకట్టలలో మిన్న ఏది?" అంటే "నాగార్జునసాగరము" అంటారు. సామాన్య విజ్ఞానమని మనము పిలుచుకొనే ఈ విద్యకు ఒక సొగసు ఉన్నది. ప్రశ్న చిన్నది, జవాబు అంతకన్న చిన్నది. గెలిచిన బిడ్డ ముఖములో వెలుగు మాత్రము పెద్దది. ఇట్టి పోటీలను నడపడము నా ఉద్యోగధర్మాలలో ఒకటి. ఆ వెలుగును చూచి ఆనందించినవారిలో నేనూ ఒకడను.

అయితే ఈ పోటీలలో ఒక లోపము కూడా ఉన్నదని నాకు తెలియజెప్పినది ఒక బాలిక. జడ్చర్లకు ఆగ్నేయముగా తిమ్మాజిపేట అనే మండలకేంద్రము ఉన్నది. పూర్వము పాలమూరు జిల్లాలో ఉండిన ఈ ఊరు 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. అక్కడి పిల్లలకు ఒకనాడు ప్రశ్నల పోటీ నడిపినాను. భూగోళము, విజ్ఞానశాస్త్రము, ప్రసిద్ధ కట్టడాలు, ఆహారపదార్థాలు: అన్నిటినుండి ప్రశ్నలు కూర్చుకొని వెళ్ళినాను. పోటీ ముగిసినది. బహుమతులు పంచినాము. అప్పుడు వెనుక వరుసలోని ఒక బాలిక లేచి, "సారూ, ఇన్ని ప్రశ్నలు అడిగిన్రు గదా, మా ఊరి మీద ఒక్కటి గూడ లేదేంది?" అన్నది.

తోటి పిల్లలు నవ్వినారు. నేనూ చిరునవ్వు నవ్వి, "ఈసారి వచ్చినప్పుడు అడుగుతానమ్మా" అని తప్పించుకొన్నాను. తిరుగు ప్రయాణములో ఆ చిరునవ్వు నన్నే బాధించినది. మనము అడిగే ప్రశ్నల జవాబులన్నీ దూరదేశాలలోనే ఉంటే, తన ఊరిలో అడుగదగినది ఏదీ లేదని ఆ బిడ్డ అనుకొనదా? అది నిజమేనా అని నేను ఆనాటి ప్రశ్నలను మళ్ళీ ఒక్కొక్కటిగా తీసి చూచుకొన్నాను. ఆనాడు చెప్పలేకపోయిన జవాబు ఈ ప్రసంగము.

మొదటి ప్రశ్న ఎవరెస్టు శిఖరాన్ని గురించినది. హిమాలయాలకూ తిమ్మాజిపేటకూ ఏమి సంబంధమని మీరు అడుగవచ్చును. 1802లో విలియం లాంబ్టన్ అనే సైనికోద్యోగి మద్రాసు సమీపాన సెయింట్ థామస్ కొండ వద్ద ఏడున్నర మైళ్ళ నేలను గొలుసులతో కొలిపించినాడు. భారతదేశపు మహాసర్వే అక్కడ ఆరంభమైనది. ఆ పద్ధతి తేలికగానే అర్థమవుతుంది. త్రికోణములో ఒక భుజము పొడవును నేలమీద కొలిచి, దాని రెండు కొనలనుండి దూరాన ఉన్న మూడవ బిందువును చూచి కోణాలు తీసుకొంటే, తక్కిన రెండు భుజాలను లెక్కతో సాధించవచ్చును. అట్లు సాధించిన భుజము మరొక త్రికోణానికి ఆధారమవుతుంది. త్రికోణము పక్కన త్రికోణము పేర్చుకొంటూ పోతే, గొలుసు వేయకుండానే దేశాన్ని కొలువవచ్చును. కన్యాకుమారి దిక్కునుండి ఉత్తరానికి, 78వ రేఖాంశపు దరిదాపులను పట్టి సాగిన త్రికోణాల వరుసకు "మహాచాపము" అని పేరు. 1811లో గుత్తి వద్ద, 1815లో బీదరు వద్ద ఆధారరేఖలను కొలిచినారు. ఆ రెంటి నడుమ సాగిన వరుస పాలమూరు సీమకు పడమటి అంచులమీదుగా పోయినది. తిమ్మాజిపేట ఉన్నది ఆ 78వ రేఖాంశానికి కొంచెము తూర్పుననే.

లాంబ్టన్ వాడిన థియొడొలైటు అనే కోణమాపక యంత్రము సుమారు 500 కిలోల బరువు. దానిని కొండలమీదికీ గుడిగోపురాలమీదికీ మనుష్యులే ఎక్కించవలసి వచ్చినది. 1808లో తంజావూరు ఆలయ గోపురము మీదికి లాగుతుండగా తాడు తెగి యంత్రము దెబ్బతినగా, లాంబ్టన్ స్వయముగా కూర్చుండి సరిచేసుకొన్నాడు. 1818లో ఆయనకు సహాయకుడుగా హైదరాబాదు వచ్చిన యువకుడే జార్జి ఎవరెస్టు. ఆ మరుసటి ఏడు కృష్ణా గోదావరుల నడిమి అడవులలో సర్వే చేస్తూ ఆయన తీవ్రజ్వరము పాలైనాడు. ఆరోగ్యము కోసము 1820లో దక్షిణాఫ్రికా కొనకు పోవలసి వచ్చినది. 1823లో లాంబ్టన్ హింగన్‌ఘాట్ వద్ద మరణించగా, ఎవరెస్టు ఆ పనిని కొనసాగించి, 1830లో సర్వేయర్ జనరల్ అయి, 1843లో పదవి విరమించినాడు.

హిమాలయ శిఖరాలను కొలువడము ఆయన వెళ్ళిన తరువాతి పని. నేపాలు దేశములోనికి ప్రవేశము లేదు కనుక నూరు మైళ్ళకు పైబడిన దూరమునుండి, మైదానములో నిలిచి, శిఖరాలను చూచి కోణాలు తీసినారు. ఆ కొలతలను లెక్కకట్టిన గణకులలో ముఖ్యుడు రాధానాథ్ సిక్‌దర్ అనే వంగదేశీయుడు. 15వ సంఖ్య వేసిన శిఖరమే అన్నిటికన్న ఎత్తైనదని 1852లో తేలినది. దాని ఎత్తు 29,002 అడుగులని 1856లో లోకానికి ప్రకటించినారు. 1865లో దానికి ఎవరెస్టు పేరు స్థిరపడినది. తన పేరు ఈ దేశభాషలలో వ్రాయడానికి అనువు కాదని ఎవరెస్టే అభ్యంతరము చెప్పినాడు. 2020 డిసెంబరులో నేపాలు, చైనా దేశాలు కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. మైదానములో నిలిచి కోణాలు తీసి, కాగితము మీద కట్టిన ఆ పాతలెక్కకూ దీనికీ ఎంతో తేడా లేదు!

సిక్‌దర్ గతి ఏమైనది? 1851లో వెలువడిన సర్వే గ్రంథపు పీఠికలో, శాస్త్రభాగాలు కొన్ని ఆయన రచనలే అని చెప్పుకొన్నారు. ఆయన 1870లో మరణించినాడు. 1875లో వచ్చిన మూడవ ముద్రణలో ఆ మాట కనబడకుండా పోయినది. చనిపోయినవాని సొత్తు దోచుకొన్నారని ఆనాటి పత్రిక ఒకటి నిందించినది కూడా. ఇక యంత్రాలను మోసినవారు, కొండకొమ్మున జెండా పట్టి నిలిచినవారు, జ్వరాలతో అడవులలో రాలిపోయినవారు ఎందరో! వారి పేర్లు ఏ పీఠికలోనూ ముందునుండీ లేవు. మన పిల్లలు చెప్పే "ఎవరెస్టు" అనే ఒక్క మాట కింద ఇంతమంది ఉన్నారు.

ఎత్తుకు బదులు వయస్సును అడిగితే కథ తలక్రిందులవుతుంది. భారత భూఫలకము ఉత్తరానికి జరిగి ఆసియా ఖండాన్ని ఒత్తడము వలన హిమాలయాలు లేవడము మొదలై సుమారు 5 కోట్ల సంవత్సరాలైనది. ఆ శిఖరపు కొనమీది రాయి ఒకనాటి సముద్రపు అడుగున పేరుకొన్న సున్నపురాయి. అందులో సముద్రజీవుల అవశేషాలు ఉన్నవి. మరి తిమ్మాజిపేట చేలలో అక్కడక్కడ కూర్చున్న గుండ్ల మాటేమిటి? ఈ సీమలోని నల్లసేనపు రాయి, అనగా గ్రానైటు జాతి శిల, దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది. హిమాలయము వయస్సుతో పోల్చి చూస్తే మన ఊరి గుండు దానికి ఏబది రెట్ల వయస్సు గల వృద్ధురాలు.

ఆ గుండ్లు గుండ్రముగా ఎందుకు ఉన్నవి? చిన్నవారు అడుగదగిన మంచి ప్రశ్న ఇది. నేలలో ఉన్న రాతికి నిలువుగా, అడ్డముగా పగుళ్ళు వస్తవి. వాటిలో నీరు దిగి రాతిని మెల్లగా తినివేస్తుంది. చదునైన ముఖాన్ని ఒక పక్కనుండే నీరు తాకుతుంది. అంచును రెండు పక్కలనుండి, మూలను మూడు పక్కలనుండి తాకుతుంది. కనుక మూలలు ముందు అరిగిపోయి, ఉల్లిపొరల వలె పైపొరలు రాలిపోయి, లోపలి గట్టిరాయి గుండుగా మిగులుతుంది. రాలిన పొడియే కాలక్రమాన ఎర్రనేల అవుతుంది. దానినే మన రైతులు చెలక అంటారు. ఈ చెలక మాటను గుర్తుంచుకొనండి. దానితో మనకు తరువాత పని ఉన్నది.

ప్రసిద్ధ కట్టడాల ప్రశ్నకు వద్దాము. పోటీలో నేను తాజమహలును గురించి, ఈఫిల్ గోపురమును గురించి అడిగినాను. తిమ్మాజిపేట మండలములోనే ఆవంచ అనే గ్రామము ఉన్నది. అక్కడ పొలాల నడుమ, పైకప్పు లేని చోట, ఒకే శిలలో మలచిన వినాయకుడు కూర్చుండి ఉన్నాడు. ఎత్తు సుమారు 25 అడుగులు. పశ్చిమ చాళుక్యుల కాలము నాటి విగ్రహమని చెప్పుకొంటారు. శిల్పి రాతిని ఎక్కడినుండో తేలేదు. ఇందాక చెప్పుకొన్న గుండ్లలో ఒకదానిని ఎన్నుకొని, అది ఉన్నచోటనే ఉలి పట్టినాడు. ఎండకూ వానకూ ఓర్చి ఆ మూర్తి నిలిచి ఉన్నది. శిల్పి పేరు నిలువలేదు. అందులోకి చూచేవానికి చాళుక్యచరిత్ర కన్న ముందు తోచేది ఒకటే: ఇంత కఠినమైన రాతిలో ఏనుగు తొండపు మెత్తదనాన్ని చూపిన చెయ్యి ఎట్టిదై ఉండవలెను!

అక్కడికి చేరువలోనే, జడ్చర్ల మండలము అల్వాన్‌పల్లి వద్ద గొల్లత్తగుడి ఉన్నది. ఇది జైనాలయము. క్రీస్తుశకము ఏడెనిమిది శతాబ్దుల నాటిదని చరిత్రకారుల నిర్ణయము. రాతిగుండ్ల సీమలో ఇది ఇటుకలతో లేచి, 65 అడుగుల దాకా ఎత్తు పోయినది. వెయ్యేండ్లకు పైగా వానలకు తడిసిన ఇటుక ఇంకా నిలిచి ఉన్నదంటే దానిని కాల్చినవాడు ఎంత పనివాడో ఊహించుకొనవచ్చును. తెలంగాణములో ఇటుకతో నిలిచిన జైనాలయాలు మిక్కిలి అరుదు. కట్టించినవారి మతము జైనము. ఊరివారి నోట నిలిచిన పేరు ఒక గొల్ల స్త్రీది. చరిత్ర పుస్తకము ఒక పేరు చెప్పుతుంది, ప్రజల నాలుక మరొక పేరు కాపాడుతుంది. రెంటినీ వినవలెను.

ఇక ఆహారము. పిల్లలను "మీ ఇంటి భోజనము ఏమి?" అని అడిగితే "జొన్నరొట్టె, కారము, పల్లిపొడి" అన్నారు, ఇదేమి ప్రశ్న అన్నట్లు. నిజానికి ఆ పళ్ళెములో భూగోళమంతా ఉన్నది. జొన్న పుట్టిల్లు ఈశాన్య ఆఫ్రికా. నేటి సూడాను తూర్పుభాగములో దాదాపు 5,000 ఏండ్ల క్రిందట దానిని సాగుచేసిన గుర్తులు దొరికినవి. అక్కడినుండి మన దేశానికి వచ్చి సుమారు 4,000 ఏండ్లు కావచ్చును. అంతకాలము కాపురము చేసిన కోడలిని పరాయి ఇంటిదని ఎవరనగలరు? జొన్న ఆకుమీద మైనపు పూత ఉంటుంది. ఎండ ముదిరితే ఆకు చుట్టుకొని చెమ్మను కాపాడుకొంటుంది. వేరు లోతుకు దిగుతుంది. వాన వెనుకంజ వేసినప్పుడు పైరు ఎదుగుదల ఆపి ఓపిక పట్టి, వాన పడగానే మరల లేస్తుంది. పాలమూరు మెట్టనేలకు ఇంతకన్న తగిన చుట్టము దొరకదు. తిమ్మాజిపేటకు పొరుగున ఉన్న పాలెములో వ్యవసాయ పరిశోధనా స్థానము జొన్నమీద పనిచేయడానికి కారణము ఇదే. ఇట్టి చిరుధాన్యాల విలువ గుర్తించి ఐక్యరాజ్యసమితి 2023ను వాటి సంవత్సరముగా ప్రకటించినది.

మిరపకాయ జన్మభూమి మెక్సికో ప్రాంతము. వాస్కో డి గామా 1498లో కోళికోడు తీరానికి వచ్చినది మన మిరియాల కోసము. ఆ మిరియాల కోసము వచ్చిన పోర్చుగీసువారే అమెరికానుండి మిరపను మనకు తెచ్చి ఇచ్చినారు! అంతకుముందు మన వంటలలో కారమంటే మిరియమే. కొత్తకాయకు పాతదాని పోలికతోనే "మిరప" అని పేరు పెట్టుకొన్నాము. కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు పచ్చిమిరపకాయ రుచి ఎరుగడన్నమాట.

పల్లికాయ, అనగా వేరుశనగ, దక్షిణ అమెరికా బిడ్డ. దీని నడవడి వింతయైనది. పువ్వు నేలపైన పూస్తుంది, కాయ నేలలోపల కాస్తుంది. పువ్వు ఫలదీకరణము చెందిన తరువాత దాని అడుగునుండి ఒక ఊడ వంటి కాడ బయలుదేరి, కిందికి వంగి, మట్టిని గుచ్చుకొని లోపలికి పోతుంది. దాని కొనలో కాయ ఊరుతుంది. మట్టి గట్టిగా ఉంటే ఆ కాడ దిగలేదు. మెత్తని ఇసుకపాలు గల నేల కావలెను. అదే మన చెలక! 250 కోట్ల ఏండ్ల రాయి అరిగి చెలక అయినది. సముద్రాలు దాటి వచ్చిన పల్లి ఆ చెలకలో కాయ పెట్టినది. ఆ కాయ జడ్చర్ల బాదేపల్లి మార్కెట్టుకు బస్తాలలో చేరినది. ఇంట్లో పల్లీలు వేయించే గృహిణి చేతిలోని మూకుడులో ఇంత చరిత్ర ఉన్నది.

చివరి ప్రశ్న ఆనకట్టను గురించినది. నాగార్జునసాగరానికి 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. ఎత్తు సుమారు 124 మీటర్లు. ఆ ప్రశ్నకు ఒక బాలుడు చటుక్కున జవాబు చెప్పినాడు. నేను "సరియైన సమాధానము" అన్నాను. అప్పుడు తలుపు వద్ద మనుమని కోసము నిలిచి ఉన్న ఒక వృద్ధుడు, ఎవరినీ ఉద్దేశించకుండానే, "ఆ కట్టకు నేను రాయి మోసిన" అన్నాడు.

పోటీ ముగిసిన తరువాత ఆయనతో మాట్లాడినాను. "మా నాయినతోని పోయిన సారూ. అప్పుడు నాకు పదేనేండ్లు. ఈడ వానలు లేకుండె. ఊర్లె సగం మంది ఆడనే ఉండిరి" అన్నాడు. పాలమూరు కూలీలు అన్న మాట దేశములో పలుచోట్ల వినబడుతుంది. కరవు తరిమితే మేస్త్రీల వెంట గుంపులుగా వలసపోయి, ఆనకట్టలకూ కాలువలకూ రహదారులకూ తట్ట మోసినవారు వీరు. సిమెంటు కాంక్రీటుతో గాక రాతితో నాగార్జునసాగరాన్ని కట్టడము సాధ్యమైనది వేలాది మానవహస్తాల బలముతోనే. తలమీద రాయి, గచ్చు పెట్టుకొని స్త్రీలూ పురుషులూ బారులుగా ఎక్కుతూ దిగుతూ ఆ గోడను లేపినారు.

"ఆ కట్ట ఎత్తు ఎంతో పుస్తకంల రాసిన్రా సారూ?" అని ఆయన అడిగినాడు. 124 మీటర్లని చెప్పినాను. ఆయన కొంతసేపు ఆలోచించి, "మోసేటప్పుడు ఇంకా ఎక్కువనే అనిపించె" అన్నాడు.

ఇందులో మరొక చేదునిజము ఉన్నది. కృష్ణ, తుంగభద్ర రెండూ ఒరసుకొని పోయే సీమ ఇది. ఆ నీటిని ఆపే కట్టకు రాయి మోసినవాని పొలము మాత్రము ఎండుతూనే ఉండినది. ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అనే మూడు మెట్లమీదుగా శ్రీశైలము జలాశయపు నీటిని పైకెత్తే కల్వకుర్తి పథకము వలన ఇటీవలి సంవత్సరాలలోనే నాగర్‌కర్నూలు ప్రాంతపు చెరువులు కొన్ని కృష్ణానీటిని చూచినవి. ఈ నాలుగు పదుల ఏండ్ల పైబడిన ఎదురుచూపును ఏ ప్రశ్నపత్రమూ అడుగదు.

సామాన్య విజ్ఞానపు పోటీలు వద్దని నేననను. శిఖరము పేరు, నది పేరు, కట్ట ఎత్తు పిల్లలకు తెలియవలసినవే. అయితే ఒక్కమాట జవాబు మూత వంటిది. మూతను చూచి కుండలో ఏమున్నదో తెలిసినదనుకొంటే పొరపాటు. శిఖరానికి పేరిచ్చినవానితో పాటు లెక్కకట్టినవాడిని, ప్రారంభోత్సవము చేసినవారితో పాటు రాయి మోసినవాడిని, పంట పేరుతో పాటు దానిని వేల ఏండ్లు కాపాడిన రైతును పిల్లలకు పరిచయము చేయవలసిన బాధ్యత మనది.

కనుక ఈ రాత్రి రేడియో కట్టిన తరువాత మీ ఇంటిలో ఒక చిన్న పోటీ నడపండి. మన ఊరి గుట్టమీది రాయి వయస్సు ఎంత? మన చెరువు తూము ఎవరు పెట్టించినారు? మన పళ్ళెములోని ఏ వస్తువు ఏ దేశమునుండి వచ్చినది? తాతగారు పడుచువయస్సులో ఏ ఊరికి పనికి పోయినారు, అక్కడ ఏమి కట్టినారు? జవాబులను పుస్తకములో వెదుకనక్కరలేదు. చెప్పగలవారు ఇంటిలోనే ఉన్నారు; వారు ఉండగానే అడుగవలెను. నేను తిమ్మాజిపేటకు మరల పోవలసి ఉన్నది. ఈసారి మొదటి ప్రశ్న ఆవంచ వినాయకుని గురించి. రెండవ ప్రశ్న అడిగే హక్కు వెనుక వరుసలోని ఆ బాలికది.